‘స్లాట్లు పోవు’ అని రాశాను, పోయాయి: రిలీజ్ నోట్స్ రాస్తూ పెట్టుకున్న డైరీ

మొదటి రోజు

పని చిన్నదే అనుకున్నాను. మా పోస్ట్‌గ్రెస్ (డేటాబేస్ సాఫ్ట్‌వేర్) సర్వర్లలో చాలావరకు 16వ వెర్షన్‌లో ఉన్నాయి, కొన్ని 17లో. అన్నిటినీ 18కి తీసుకెళ్లాలి. అసలు రిలీజ్ నోట్స్ (కొత్త వెర్షన్‌లో ఏం మారిందో చెప్పే పత్రం) మొదటినుంచి చివరిదాకా ఎవరూ చదవరు (నిజం చెప్పాలంటే నేనూ చదవను, నాకు కావాల్సిన ముక్క వెతుక్కుని చదివి మూసేస్తాను). అందుకని రెప్లికేషన్ (ఒక సర్వర్‌లోని డేటాని ఇంకోదాంట్లోకి ఎప్పటికప్పుడు పంపడం), అప్‌గ్రేడ్ విషయాల్లో 17లో ఏం మారింది, 18లో ఏం మారింది, రెండు పేజీల్లో తెలుగులో రాసిపెట్టమన్నారు. రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లు ఫోన్ మోగినప్పుడు తెరిచి చూసుకునేలా ఉండాలి. రెండు రోజుల్లో ఇచ్చేస్తానని చెప్పాను.

మొట్టమొదట రాసిన వాక్యం ఇది (పీజీ అప్‌గ్రేడ్ అంటే పాత వెర్షన్ డేటాని కొత్త వెర్షన్‌కి తీసుకెళ్లే ప్రోగ్రామ్):

“17: పీజీ అప్‌గ్రేడ్ లాజికల్ రెప్లికేషన్ స్లాట్లను భద్రపరుస్తుంది.”

పొట్టిగా ఉంది, చదవడానికి బాగుంది, అబద్ధం కూడా కాదు. టీ తాగి వచ్చి మళ్లీ చదువుకుని మురిసిపోయాను.

స్లాట్ అంటే తెలియనివాళ్ల కోసం కింద ఒక ముక్క చేర్చాను: సబ్‌స్క్రైబర్ (డేటా అందుకునే సర్వర్) ఎక్కడిదాకా చదివిందో పబ్లిషర్ (డేటా పంపే సర్వర్) తన దగ్గర పెట్టుకునే గుర్తు. పుస్తకంలో పేజీ మడత పెట్టినట్టు. ఈ మడత తర్వాతి వాల్ (ప్రతి మార్పునీ సర్వర్ రాసుకునే లాగ్) ఏదీ పారేయొద్దని సర్వర్‌కి చెప్పేది కూడా అదే. మడత పోతే ఆగిన చోటినుంచి అందుకోవడం సబ్‌స్క్రైబర్‌కి కుదరదు, చాలాసార్లు టేబుల్ మొత్తం మళ్లీ కాపీ చేసుకోవాల్సి వస్తుంది. లాజికల్ రెప్లికేషన్ (టేబుళ్లలో వరసల మార్పుల్ని పంపే పద్ధతి) 2017లో 10వ వెర్షన్‌తో వచ్చింది, అప్పట్నుంచీ ప్రతి మేజర్ అప్‌గ్రేడ్‌కీ ఇదే గోల.

రెండో రోజు

రాసిన ప్రతి వాక్యాన్నీ టెస్ట్ మెషీన్ల మీద చేసి చూశాకే పెట్టాలని నాకు నేనే ఒక రూలు పెట్టుకున్నాను. మంచి పని చేశాను.

రెండు మెషీన్లు తీసుకుని ఒకదాంట్లో 16 పబ్లిషర్, ఇంకోదాంట్లో 16 సబ్‌స్క్రైబర్ పెట్టాను. ఒక టేబుల్, కొన్ని వేల వరసలు, రెప్లికేషన్ చక్కగా నడుస్తోంది. పబ్లిషర్‌ని 17కి తీసుకెళ్దామని ముందు చెక్ ఆప్షన్‌తో (ఏదీ మార్చకుండా పరీక్షించి చెప్పేది) పీజీ అప్‌గ్రేడ్ నడిపాను. వరసగా అన్నిటికీ ఓకే, ఓకే అంటూ వచ్చి చివర్లో “క్లస్టర్స్ ఆర్ కంపాటిబుల్” అంది (క్లస్టర్ అంటే ఒక సర్వర్ నడిపే డేటాబేస్‌లన్నీ కలిపి). అసలు అప్‌గ్రేడ్ కూడా ఎక్కడా ఆగలేదు. సర్వర్ లేపి, స్లాట్ల జాబితా చూపే పీజీ రెప్లికేషన్ స్లాట్స్ వ్యూ చూస్తే సున్నా వరసలు.

సబ్‌స్క్రైబర్ లాగ్‌లో ఐదు సెకన్లకోసారి ఒకటే పాట: ఫలానా రెప్లికేషన్ స్లాట్ లేదు, లేదు, లేదు.

తప్పు కాన్ఫిగరేషన్‌లో ఉందేమోనని ఒక గంట వెతికాను. మొత్తం తుడిచేసి మళ్లీ మొదటినుంచి చేశాను, అచ్చం అదే ఫలితం. అప్పుడు వెళ్లి అసలు పేజీ నిదానంగా చదివితే, నేను నిన్న ఎగిరి దాటేసిన వాక్యం కనబడింది: పాత క్లస్టర్ 17 గానీ ఆపై వెర్షన్ గానీ అయితేనే ఇది పనిచేస్తుంది. అంటే ఇది 17కి వెళ్లేవాళ్ల కోసం కాదు, 17 నుంచి వెళ్లేవాళ్ల కోసం. 17 విడుదలైంది 2024 సెప్టెంబర్ 26న. ఈ ఫీచర్ మామూలు జనానికి అక్కరకొచ్చింది మాత్రం 2025 సెప్టెంబర్ 25న 18 వచ్చాకే. ఏడాదిపాటు అది ఉంది, కానీ వాడుకోవడానికి వెళ్లే చోటు లేదు.

ఇంకా బాధ కలిగించేది ఏంటంటే, పాత క్లస్టర్ 16 అయితే చెక్ ఆప్షన్ అసలు స్లాట్ల జోలికే పోదు. ఉన్నాయనీ అనదు, పోతాయనీ అనదు. అన్నీ బాగున్నాయని నవ్వుతూ పంపిస్తుంది.

నా వాక్యంలో అబద్ధం లేదు. అయినా దాన్ని నమ్ముకుని రాత్రి రెండింటికి ఎవరైనా 16 నుంచి 17కి వెళ్లి ఉంటే...

మూడో రోజు

ఒక్క వాక్యం మీదే రోజంతా కూర్చున్నాను. రాసినవన్నీ కొట్టేయకుండా ఉంచుతున్నాను.

ఒకటి: “17లో లాజికల్ స్లాట్లు అప్‌గ్రేడ్ తర్వాత కూడా ఉంటాయి.” ‘17లో’ అన్నమాటే కొంప ముంచుతోంది. ఫీచర్ 17లో వచ్చిందనా, 17లోకి వచ్చాక ఉంటాయనా, 17లో ఉన్నవాళ్లకనా? ‘లో’ మూడిటికీ సరిపోతుంది.

రెండు: “17 ఆపై వెర్షన్లలో పీజీ అప్‌గ్రేడ్ స్లాట్లను తరలిస్తుంది.” అదే గొడవ. పైగా పీజీ అప్‌గ్రేడ్ ప్రోగ్రామ్‌కే ఒక వెర్షన్ ఉంది, అది ఎప్పుడూ కొత్త వైపుది.

మూడు: “పాత క్లస్టర్ 17 గానీ ఆపైది గానీ అయితే స్లాట్లు కొత్త క్లస్టర్‌కి వస్తాయి.” ఇది నిజమే. కానీ 16లో ఉన్నవాడికి ఇందులో ఏమీ దొరకదు, ‘అయితే’ లోపల దాక్కున్న ‘కాకపోతే’ని అతనే తవ్వుకోవాలి.

మా టీమ్‌లో ఈమధ్యే చేరిన అమ్మాయికి చూపించాను. చదివి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది: “ఇంతకీ మన సర్వర్లకి పోతాయా, ఉంటాయా అన్నా?”

నాలుగోది ఆ ప్రశ్నలోంచే వచ్చింది: “మీరు ఇప్పుడు 16లో గానీ అంతకన్నా పాత వెర్షన్‌లో గానీ ఉంటే, ఎక్కడికి అప్‌గ్రేడ్ చేసినా లాజికల్ స్లాట్లు పోతాయి, చెక్ ఆప్షన్ ఈ విషయం చెప్పదు. 17 నుంచి పైకి వెళ్తుంటే స్లాట్లు మీతోపాటు వస్తాయి, కింది షరతులు చూసుకోండి.”

పొడుగైంది. ఉండనీ. ఒకటి గమనించాను, ‘నుంచి’, ‘కి’ రెండూ పెట్టాక వాక్యం దానంతటదే సర్దుకుంది. ఇకమీద అప్‌గ్రేడ్ గురించి ఏ లైను రాసినా ఈ రెండూ ఉండాల్సిందే.

నాలుగో రోజు

ఈరోజు పని తక్కువ, చిరాకు ఎక్కువ. ఇంగ్లిష్ నోట్స్‌లో ప్రతి రెండో లైనూ ‘అలౌ’ అనే మాటతో మొదలవుతుంది. నా మొదటి డ్రాఫ్ట్‌లో అవన్నీ ‘అనుమతిస్తుంది’ అయి కూర్చున్నాయి. పోస్ట్‌గ్రెస్ అనుమతిస్తుంది, పీజీ అప్‌గ్రేడ్ అనుమతిస్తుంది, అందరూ గేటు దగ్గర వాచ్‌మన్లే! ఇంట్లో ఎవరైనా అలా మాట్లాడతారా? అన్నీ తీసేసి ‘ఇకపై ఇలా చేయొచ్చు’ అని మార్చాను. మారుస్తుంటే ఇంకో లాభం కూడా కనబడింది. ‘చేయొచ్చు’ అనగానే ఎవరు చేయొచ్చు, ఎక్కడ చేయాలి, పబ్లిషర్ మీదా సబ్‌స్క్రైబర్ మీదా అన్న ప్రశ్న వెంటనే వస్తుంది. ‘అనుమతిస్తుంది’లో ఆ ప్రశ్న నిద్రపోతుంది.

‘భద్రపరచబడతాయి’, ‘సమకాలీకరించబడతాయి’ లాంటివి కూడా తీసేశాను. సింక్ అవుతాయి అంటే సరిపోయేదానికి అంత బరువెందుకు? రెప్లికా, స్టాండ్‌బై (ప్రైమరీ అనే అసలు సర్వర్ పడిపోతే ఆదుకునే నకలు సర్వర్), పబ్లిషర్ వీటికి తెలుగు మాటలు వెతకలేదు. లాగ్‌లో కనబడే మాటా నోట్స్‌లో కనబడే మాటా ఒకటే కాకపోతే రాత్రిపూట వెతుక్కునేవాడికి దొరకదు.

ఐదో రోజు

18 వంతు. పక్కపక్కన పెట్టి చూస్తే భయమేసిన జంట ఇది:

“పీజీ అప్‌గ్రేడ్ స్లాట్లను నిలుపుతుంది” (17 నోట్స్‌లోంచి).
“పీజీ అప్‌గ్రేడ్ ఆప్టిమైజర్ గణాంకాలను నిలుపుతుంది” (18 నోట్స్‌లోంచి).

చూడ్డానికి కవలపిల్లల్లా ఉన్నాయి, గుణాలు మాత్రం పూర్తిగా వేరు. మొదటిదానికి పాత వైపు వెర్షన్ ముఖ్యం. రెండోదానికి కొత్త వైపు 18 అయితే చాలు, బయల్దేరేది 16 నుంచైనా గణాంకాలు వస్తాయి. చేసి చూశాను కూడా, 16 నుంచి 18కి నేరుగా వెళ్లాను. గణాంకాలు వచ్చాయి, స్లాట్లు రాలేదు. ఒకే రోజు, ఒకే కమాండ్, ఒకటి ఉంది, ఒకటి లేదు. ఈ ఒక్క ప్రయోగం స్క్రీన్ మీద చూపిస్తే చాలు, నేను ఇన్ని రోజులుగా ఎందుకు తల గోక్కుంటున్నానో ఎవరికైనా అర్థమవుతుంది.

గణాంకాలు వస్తే ఏంటి లాభం అన్నది కూడా ఒక లైనులో పెట్టాను. ఇంతకుముందు అప్‌గ్రేడ్ అవ్వగానే ప్లానర్ (ఈ గణాంకాలు చూసి క్వెరీని ఏ దారిలో నడపాలో తేల్చేది) కళ్లకి గంతలు కట్టినట్టు ఉండేది, గణాంకాలు మళ్లీ సేకరించే అనలైజ్ పూర్తయ్యేదాకా మామూలు క్వెరీలు కూడా పిచ్చి ప్లాన్లతో నడిచేవి. ఇప్పుడు ఆ గండం చాలావరకు తప్పింది. ఎక్స్‌టెండెడ్ గణాంకాలు (కొన్ని కాలమ్‌లు కలిపి మనం అడిగి పెట్టించుకునేవి) మాత్రం రావు, వాటి కోసం వ్యాక్యూమ్‌డీబీ టూల్‌లో 18తో వచ్చిన ‘మిస్సింగ్ స్టాట్స్ ఓన్లీ’ ఆప్షన్ ఉంది, లేనివాటిని మాత్రమే చూసుకుంటుంది. ‘చాలావరకు’ అన్న మాట తీసేయమని ఒకాయన మార్కు పెట్టారు, నోట్స్ గట్టిగా ఉండాలట. తీయలేదు.

పీజీ అప్‌గ్రేడ్‌లోని స్వాప్ ఆప్షన్ గురించి రాస్తూ “అన్నిటికన్నా వేగం” అని మొదలుపెట్టి ఆగాను. ఫైళ్లు కాపీ చేయకుండా డైరెక్టరీలనే మార్చేస్తుంది, వేగం నిజమే. కానీ ఫైళ్ల మార్పిడి మొదలయ్యాక పాత క్లస్టర్‌ని మళ్లీ లేపడం కుదరదు. ఆ రెండో సంగతిని ముందు పెట్టి వేగం మాటని వెనక్కి నెట్టాను. చదివేవాడు లైను సగంలోనే కమాండ్ కొట్టేస్తాడని అనుకునే రాయాలి.

ఆరో రోజు

17 నుంచి 18కి, స్లాట్లతో సహా. ‘కింది షరతులు చూసుకోండి’ అని గొప్పగా రాశాను కదా, ఆ షరతుల్ని ఒక్కొక్కటీ కావాలనే చెడగొట్టి చూశాను.

కొత్త క్లస్టర్‌లో వాల్ లెవెల్ లాజికల్ అని పెట్టకపోతే ముందే ఆపేస్తుంది. మ్యాక్స్ రెప్లికేషన్ స్లాట్స్ సరిపోకపోయినా అంతే. కొత్త క్లస్టర్‌లో ముందే లాజికల్ స్లాట్లు ఉండకూడదు, పాతదాంట్లో ఇన్‌వాలిడ్ అయిపోయిన స్లాట్ ఒక్కటి కూడా ఉండకూడదు. ఇవన్నీ మర్యాదస్తులు, గుమ్మంలోనే చెప్పేస్తాయి.

అసలు సతాయించింది ఇంకొకటి. పబ్లిషర్ ఆగేలోపు స్లాట్ తన వాల్ మొత్తం చదివేసి ఉండాలి. నేను సబ్‌స్క్రిప్షన్‌ని (పబ్లిషర్ నుంచి డేటా తెచ్చుకోమని సబ్‌స్క్రైబర్‌లో పెట్టేది) డిజేబుల్ చేసి, చెక్ నడిపి, పాసయ్యిందని చూసుకుని, పబ్లిషర్‌ని ఆపి, అసలు అప్‌గ్రేడ్ మొదలుపెడితే అక్కడ పడింది. ఒక టెక్స్ట్ ఫైల్ చూడమంది, తెరిస్తే అందులో ఫలానా స్లాట్ ఇంకా వాల్ పూర్తిగా చదవలేదని ఉంది. చెక్‌లో రానిది ఇప్పుడెందుకొచ్చింది? సర్వర్ నడుస్తుండగా చెక్ పెడితే ఈ ఒక్క పరీక్షని వదిలేస్తుంది, ఎందుకంటే సర్వర్ ఆగాక తప్ప దాన్ని తేల్చలేరు. ఆలోచిస్తే సబబే. ముందే తెలిసి ఉంటే ఇంకా సబబుగా ఉండేది.

మరి చదవని వాల్ ఎక్కడినుంచి వచ్చింది? నేనే పెట్టిన ఒక చిన్న స్క్రిప్ట్, నిమిషానికో వరస ఆ టేబుల్‌లో చేరుస్తోంది. సబ్‌స్క్రిప్షన్ డిజేబుల్ చేశాక, సర్వర్ ఆపేలోపు, అది ఒక వరస వేసింది. ఒక్కటంటే ఒక్కటే వరస.

కాబట్టి నోట్స్‌లో “సబ్‌స్క్రిప్షన్‌ని డిజేబుల్ చేసి పబ్లిషర్‌ని ఆపండి” అన్న లైను ముందు ఇంకోటి వచ్చింది: “ముందు రాతలు ఆపండి. అప్లికేషన్, క్రాన్, మీరు పెట్టి మర్చిపోయిన స్క్రిప్ట్, అన్నీ. సబ్‌స్క్రైబర్ అందుకుందని చూసుకున్నాకే డిజేబుల్.” దాంతోపాటు “చెక్ పాసైతే నిశ్చింత” అని ఎక్కడో రాసుకున్న వాక్యం చచ్చిపోయింది, దాని చోట “నడుస్తున్న సర్వర్ మీద చెక్ పాసైనా, స్లాట్ వాల్ చదివిందో లేదో అది చూడలేదు” అని పెట్టాను.

ఏడో రోజు

చెక్‌సమ్‌ల (డేటా చెడిపోతే పట్టిచ్చే గుర్తుల) గురించి ఒకటే లైను, కానీ అందరికీ తగిలేది ఇదే. 18లో ఇనిట్‌డీబీ మామూలుగానే డేటా చెక్‌సమ్‌లు ఆన్ చేసి క్లస్టర్ తయారుచేస్తుంది. పాతదాంట్లో అవి లేకపోతే రెండూ కలవవు, పీజీ అప్‌గ్రేడ్ ఒప్పుకోదు. కొత్తదాన్ని చెక్‌సమ్‌లు లేకుండా తయారుచేసుకోవాలి, లేదంటే పాతదాన్ని ఆపి పీజీ చెక్‌సమ్స్‌తో ఆన్ చేసుకోవాలి. దీన్ని రెప్లికేషన్ కింద పెట్టాలా అప్‌గ్రేడ్ కింద పెట్టాలా అని కాసేపు వాదన. పేజీలో మొట్టమొదట పెట్టాను, వాదన అయిపోయింది.

18లో కొత్త సబ్‌స్క్రిప్షన్లకి స్ట్రీమింగ్ (పెద్ద ట్రాన్సాక్షన్‌ని పూర్తికాకముందే పంపడం) డిఫాల్ట్ ‘ఆఫ్’ నుంచి ‘ప్యారలల్’కి మారింది. ఇక్కడ ‘కొత్త’ అన్న రెండక్షరాలు మర్చిపోకూడదు. పాత సబ్‌స్క్రిప్షన్‌ని అప్‌గ్రేడ్‌తో తీసుకొచ్చి చూస్తే ఆఫ్‌లోనే ఉంది.

తొమ్మిదో రోజు

నిన్న రాయలేదు, వేరే మంట ఆర్పుతున్నాను. ఈరోజు ఫెయిలోవర్ (అసలు సర్వర్ పడిపోతే నకలుకి మారడం) స్లాట్లు.

డ్రాఫ్ట్‌లో ఉన్నది: “17 నుంచి లాజికల్ స్లాట్లు స్టాండ్‌బైకి ఆటోమేటిక్‌గా ఫెయిలోవర్ అవుతాయి.” ఇందులో ‘ఆటోమేటిక్‌గా’ ఒక్కటే కాదు, దాదాపు ప్రతి మాటా పక్కదారి పట్టించేదే. జరిగేది ఇంతే: ఫెయిలోవర్ ఆన్ చేసిన స్లాట్ కాపీ ఒకటి స్టాండ్‌బై మీద ఉంటుంది, అప్పుడప్పుడూ తాజా అవుతూ ఉంటుంది. ప్రైమరీ పడిపోతే స్టాండ్‌బైని పైకి తేవడం మన పనే. సబ్‌స్క్రైబర్ కనెక్షన్‌ని కొత్త సర్వర్ వైపు తిప్పడమూ మన పనే.

ఆ కాపీ ఉండాలన్నా స్టాండ్‌బైలో సింక్ రెప్లికేషన్ స్లాట్స్ ఆన్ చేయాలి, హాట్ స్టాండ్‌బై ఫీడ్‌బ్యాక్ ఆన్ ఉండాలి, ప్రైమరీ స్లాట్ పేరు ఇచ్చి ఉండాలి, ప్రైమరీ కనెక్షన్ స్ట్రింగ్‌లో డేటాబేస్ పేరు కూడా ఉండాలి. ఆ చివరిదే నన్ను అరగంట తిప్పింది. ఫిజికల్ రెప్లికేషన్‌కి (సర్వర్ మొత్తాన్నీ యథాతథంగా కాపీ చేసేది) డేటాబేస్ పేరుతో పనేముందని ఎవరూ పెట్టరు. సబ్‌స్క్రిప్షన్‌లో ఫెయిలోవర్ ఆప్షన్ తర్వాత మార్చాలంటే ముందు దాన్ని డిజేబుల్ చేయాలి, అదొకటి.

ప్రైమరీలో పెట్టే సింక్రనైజ్డ్ స్టాండ్‌బై స్లాట్స్ (సబ్‌స్క్రైబర్లకి పంపేముందు ఏ స్టాండ్‌బైలు అందుకోవాలో చెప్పే సెట్టింగ్) గురించి రెండు వాక్యాలు రాయక తప్పలేదు. (బీటాలో దీని పేరు స్టాండ్‌బై స్లాట్ నేమ్స్, అందుకని పాత రాతల్లో ఆ పేరే కనబడుతుంది.) ఇది పెట్టకపోతే సబ్‌స్క్రైబర్ స్టాండ్‌బై కన్నా ముందుకి వెళ్లిపోవచ్చు, అప్పుడు కొత్త ప్రైమరీలో లేని డేటా సబ్‌స్క్రైబర్‌లో ఉంటుంది. పెడితే, ఆ స్టాండ్‌బై పడిపోయిన రోజున సబ్‌స్క్రైబర్లకి కూడా డేటా ఆగిపోతుంది. ఏది మంచిదని నన్నడక్కండి, రెండూ రాసిపెట్టాను. రాత్రి డ్యూటీవాళ్ల కోసం మాత్రం లక్షణాన్ని బట్టి వెతుక్కునేలా: “సబ్‌స్క్రైబర్ ఆగింది, పబ్లిషర్‌లో ఎర్రర్ లేదు, నెట్‌వర్క్ బాగుంది అంటే స్టాండ్‌బై బతికుందా చూడండి.”

ఫెయిలోవర్‌కి సిద్ధంగా ఉందా అన్నది స్టాండ్‌బై మీద స్లాట్స్ వ్యూలో చూడాలి. సింక్డ్ నిజం, టెంపరరీ అబద్ధం, ఇన్‌వాలిడేషన్ రీజన్ ఖాళీ. మూడూ ఉంటేనే.

పదకొండో రోజు

ఇప్పటికి పేజీలు రెండున్నర. పీజీ క్రియేట్‌సబ్‌స్క్రైబర్ ఒకటి మిగిలింది. 17తో వచ్చిన ఈ టూల్ నాకు బాగా నచ్చింది. ఉన్న స్టాండ్‌బైనే లాజికల్ సబ్‌స్క్రైబర్‌గా మార్చేస్తుంది, డేటా అంతా అక్కడే ఉంది కాబట్టి మొదటి కాపీ పని ఉండదు. పెద్ద డేటాబేస్‌ని తక్కువ ఆటంకంతో అప్‌గ్రేడ్ చేయడానికి ఇదే దారి: స్టాండ్‌బైని మార్చు, దాన్ని 18కి అప్‌గ్రేడ్ చెయ్, వెనకబడింది అందుకోనివ్వు, అప్లికేషన్‌ని అటు తిప్పు. మార్చేటప్పుడు మాత్రం రెండు సర్వర్లదీ ఒకే మేజర్ వెర్షన్ అయి ఉండాలి. స్టాండ్‌బై ప్రమోట్ అయ్యాక మధ్యలో ఫెయిలైతే ఆ డైరెక్టరీ మీద ఆశ వదులుకుని కొత్త స్టాండ్‌బై కట్టుకోవడమే, అందుకని డ్రై రన్ (ఏదీ మార్చకుండా ముందు నడిపి చూసుకోవడం) లైనుని బోల్డ్‌లో పెట్టాను.

మధ్యాహ్నం నోట్స్ ఆ అమ్మాయి చేతికిచ్చి, నన్ను ఏమీ అడక్కుండా టెస్ట్ మెషీన్ల మీద మొత్తం చేయమన్నాను. నేను పక్క కుర్చీలో నోరు మూసుకుని కూర్చున్నాను, అదే అన్నిటికన్నా కష్టం. డ్రై రన్ చేసింది, మార్చింది, చెక్‌సమ్‌ల దగ్గర నోట్స్‌లో చూసి సర్దుకుంది, 18కి తెచ్చింది. వెనకబడిన నాలుగొందల వరసలూ వచ్చేశాయి. అప్లికేషన్‌ని తిప్పి మొదటి ఇన్సర్ట్ కొట్టగానే డూప్లికేట్ కీ ఎర్రర్, ఆ నంబర్‌తో వరస ముందే ఉందట.

“అన్నా, సీక్వెన్సులు రెప్లికేట్ కావని ఇందులో ఉంది, చదివాను” అంది, ఆ లైను మీద వేలు పెట్టి. “కావు అంటే నేనేం చేయాలో లేదు కదా.”

నిజమే. స్టాండ్‌బైని మార్చినప్పటి విలువ దగ్గరే సీక్వెన్స్ (కొత్త వరసలకి నంబర్లు ఇచ్చే లెక్క) ఆగిపోయింది, వరసలు మాత్రం దాన్ని దాటి వచ్చేశాయి. ఆ లైను కొట్టేసి ఇలా పెట్టాను: “పాత సర్వర్‌లో రాతలు ఆపాక, అప్లికేషన్‌ని కొత్త సర్వర్ వైపు తిప్పేముందు, ప్రతి సీక్వెన్స్‌నీ పాత సర్వర్‌లో ఉన్న విలువకి సెట్‌వాల్‌తో జరపండి. సీక్వెన్సులు వాటంతటవి రావు.”

ఆమె దాన్ని చూస్తూ మళ్లీ మొదటినుంచి చేసింది. ఈసారి ఇన్సర్ట్ పడింది. నోట్స్ మూడు పేజీలయ్యాయి, రేపు పొద్దున పంపిస్తున్నాను.